నల్లబడని పళ్ళెం

మడదిబ్బలో దశమి పొద్దున లక్ష్మి ముగ్గుపిండి తీసుకుని పిల్ల నీడ చుట్టూ గీత గీసింది. పక్కింటి మనిషే అయినా పది రోజులుగా ఆ పని ఆమే చేస్తోంది. కన్నతల్లి ఆ గీత తను గియ్యలేనంది. పాడ్యమి నాటి గీత ఆరేళ్ళ పిల్ల ఒళ్ళంత ఉంది. తర్వాతవి కుడివైపు నుంచి తరుక్కుంటూ వచ్చి, దశమికి నీడ బెత్తెడు మిగిలింది. తేజస్వి మాత్రం ఎండలో నిలబడి, కదలొద్దని ఎందుకంటున్నారో తెలియక, కాలి వేళ్ళతో పిండి తొక్కుతూ ఉంది.

అక్కడిదాకా వచ్చాం. మధ్యలో చేరినవాళ్ళ కోసం నాలుగు మాటలు.

మడదిబ్బకి గుడి లేదు. రేపల్లెకి దిగువన, ఉప్పుటేటి పక్కన ఉన్న ఆ ఊళ్ళో అమ్మవారంటే ఒక ఇత్తడి పళ్ళెం. పేరు నెలమ్మ. పౌర్ణమి దాటిన పాడ్యమి నుంచి రోజుకొక గీత చొప్పున ఆముదం దీపపు మసి పూస్తారు. కుడి అంచున మొదలుపెట్టి ఎడమకి వస్తారు. అమావాస్యకి పళ్ళెం మొత్తం నలుపు. ఆ మధ్యాహ్నం ఏట్లో నీళ్ళు వెనక్కి తీసేవేళ ఇంటి ముందు తలుపు, పెరటి తలుపు తెరిచి పెడతారు. ఆ నెలలో పోయినవాళ్ళు నెలమ్మ వెంట ఏట్లోకి దిగి వెళ్ళిపోతారు. మర్నాటి నుంచి చింతపండు, బూడిద పెట్టి రోజుకొక గీత తోముతూ మళ్ళీ వెలుగు తెస్తారు. పదిహేనో గీత, ఎడమ అంచుది, పళ్ళెం ఉన్న ఇంటి పెద్ద ఆడమనిషిది. దాన్ని ఇంకొకరు ముట్టుకోరు.

నలభై రోజుల కిందట, పున్నమి నాడు, ఆ ఇంటి పెద్ద పాండురంగారావు పోయాడు. ఆ నెల నుంచి పళ్ళెం మసి పట్టలేదు. పూసినది పూసినట్టే జారిపోయింది. అమావాస్య నాడు పళ్ళెం పున్నమిలా మెరుస్తూ ఉంటే, కొడుకు ఉదయ్ కిరణ్ పడవ మనిషి లేకుండా ఒడ్డుకి వచ్చింది. ఇప్పుడు రెండో నెల. అతని కూతురు తేజస్వి నీడ తరుగుతోంది. బాపట్లలో చూపిస్తే డాక్టరు గుండె విని, కళ్ళు చూసి, టానిక్ రాశాడు. ఊళ్ళోవాళ్ళు కోడలు భాగ్యశ్రీ కాలు మంచిది కాదన్నారు. పళ్ళేన్ని గోటితో గీకి చూసిన మొదటి మనిషి మాత్రం ఆమే. ఉల్లిపొరలాంటిదేదో గోటికి వచ్చింది. బియ్యం డబ్బా అడుగున తెనాలిలోని ఒక పాలిష్ కొట్టు చీటీ దొరికింది.

తండ్రి పెద్దకర్మకి పళ్ళెం తళతళలాడాలని ఉదయ్ కిరణే తెలియక చేయించి ఉంటాడని ఆమె అనుకుంది. చచ్చిపోయిన భర్త మీద కోపం తెచ్చుకోవడానికి ఆమెకి వీలు కాలేదు. దశమి పొద్దున పళ్ళేన్ని పాత చీరముక్కలో చుట్టి రేపల్లెలో బండెక్కింది. అత్త హనుమాయమ్మ పిలవకుండానే వెంట వచ్చింది. తెనాలి దాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మత్తయి కొట్టు కాలవగట్టు మీద ఉంది. లోపల గోడ పొడుగునా ఇత్తడి బిందెలు, గుడిగంటలు, చర్చికి చెందిన ఒక పెద్ద గంట. మెరుగు పెట్టే బఫింగ్ చక్రం తిరుగుతుంటే మాట వినపడదు. అరవై దాటిన మత్తయి మోచేతుల దాకా పచ్చగా, నల్లగా ఉన్నాడు. చీర మూట బల్ల మీద పెట్టగానే స్విచ్ ఆపాడు. మూట విప్పలేదు. ఒక చేత్తో ఎత్తి బరువు చూశాడు.

"ఇది నా చేతిమీద పోయిన సరుకే" అన్నాడు. తర్వాత భాగ్యశ్రీ భుజం మీదుగా చూసి, "మామ్మగారూ, బాగున్నారా? మోకాలు నెప్పి తగ్గిందా?" అని అడిగాడు.

భాగ్యశ్రీ వెనక్కి తిరిగింది. హనుమాయమ్మ గుమ్మంలోనే ఆగిపోయి కాలవ వైపు చూస్తోంది. కాలవలో గుర్రపుడెక్క మెల్లగా పోతోంది. పైన, కాలవ అవతల చెట్ల మీద, పగటి చంద్రుడు గోరు తీసి పారేసినట్టు తెల్లగా ఉన్నాడు.

"మా అత్తయ్య మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటమ్మా. అదిగో, ఆ స్టూలు మీదేగా కూచున్నారు. అబ్బాయి పళ్ళెం పట్టుకునున్నాడు. పాప గోలీసోడా కావాలని నా ప్రాణం తీసింది" అని నవ్వాడు మత్తయి. "మీవాడు రాలేదేంటి?"

భాగ్యశ్రీ చెప్పింది. చెప్పడానికి రెండు మాటలే పట్టాయి. మత్తయి మెడలో తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులే మళ్ళీ తుడుచుకున్నాడు. లోపలికి వెళ్ళి ఇంకో స్టూలు తెచ్చి వేశాడు.

ఆమెకి ఆ రోజు గుర్తొచ్చింది. తను బాపట్లలో ఆఫీసుకి వెళ్ళింది. పెద్దకర్మ సామాను కొనడానికి తెనాలి వెళ్ళామని ముగ్గురూ చెప్పారు. నిజంగానే సామాను తెచ్చారు. పిల్ల నాలిక మీద సోడా రంగు కూడా చూపించింది. పళ్ళెం సంగతి ఎవరూ ఎత్తలేదు. తల్లి చెప్పొద్దంటే ఉదయ్ కిరణ్ చెప్పడు. అతని స్వభావం అంతే.

"ఎందుకు చేయించారు అత్తయ్యా?"

హనుమాయమ్మ స్టూలు మీద కూర్చుంది. చీర కొంగు చేతికి చుట్టుకుంది, విప్పింది.

మత్తయి పని మీద ధ్యాసతో మూట విప్పి పళ్ళేన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టాడు. అతని ముఖం ముడుచుకుంది.

"అదిగో. నేను ఆరోజే చెప్పాను, మామ్మగారు వినలేదు" అని వేలు పెట్టి చూపించాడు.

మెరుపు లోపల, పొర కింద, మూడు మచ్చలు ఉన్నాయి. మూడూ బొటనవేలి ముద్రలే. గీత గీతా నల్లగా తేలి ఉంది.

మెరుపు పోకుండా పైన వేసే పొర, లక్కర్, కొట్టేముందు ఇత్తడిని థిన్నర్‌తో తుడవాలట. వేలి చెమట కొంచెం ఉన్నా పొర కింద బందీ అయిపోతుంది. నెల తిరిగేసరికి నల్లబడి బయటపడుతుంది. ఇరవయ్యేళ్ళుగా గంటలకీ, బిందెలకీ అతను అలాగే చేస్తున్నాడు. ఈ పళ్ళేనికి మాత్రం తుడవనివ్వలేదు. పాలిష్ దాకా కళ్ళు మూసుకుని ఊరుకుంది గానీ, ఆఖర్న గుడ్డ తీసుకునేసరికి హనుమాయమ్మ అడ్డం పడింది. తల్లి ముఖాన్ని పరాయి మగాడు గుడ్డ పెట్టి తుడవకూడదని. అతను సరేనన్నాడు. ఎవరి ఆచారం వాళ్ళది. ఎండకి ఆరబెట్టమని కొడుకు చేతికిచ్చాడు. కొడుకు పట్టుకున్నాడు, పిల్ల తొంగి చూసింది. ఆ పైన లక్కర్ కొట్టాడు.

భాగ్యశ్రీ వంగి చూసింది. కుడి అంచున ఉన్న పెద్ద ముద్రకి అడ్డంగా ఒక తెల్లటి గాటు ఉంది. పీతల వల తాడు కోసిన గాటు అది. పెళ్ళయిన కొత్తలో ఆ వేలికి పసుపు పెట్టి కట్టు కట్టింది ఆమే. దాని పక్కనే, కొంచెం ఎడమగా, చింతగింజంత ముద్ర. పిల్లది.

మూడోది ఎడమ అంచున ఉంది. మిగతా రెండూ పట్టుకున్నప్పుడు జారిన వేళ్ళవి. ఇది అలా లేదు. నిటారుగా, కావాలని నొక్కి పెట్టినట్టు ఉంది.

"పదిహేనో గీత నాది" అంది హనుమాయమ్మ. పొద్దున్నుంచీ ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "నాది నేను ఇచ్చుకున్నాను."

తర్వాత చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. పప్పు ఎసట్లో పోసిన సంగతి చెప్పినట్టు చెప్పింది. నలభై రెండేళ్ళు పళ్ళేనికి మసి పూసి ఊళ్ళో చచ్చినవాళ్ళందరినీ ఆమె చేతులతోనే ఏట్లోకి పంపింది. తన మొగుడి వంతు వచ్చేసరికి చెయ్యి లేవలేదు. పళ్ళెం నల్లబడకపోతే ఆయన వెళ్ళడు. నెలమ్మ తరగకుండా ఉండదు కాబట్టి ఇంకెక్కడినుంచో తరుగు తీసుకుంటుంది. ఆ సంగతి కూడా ఆమెకి తెలుసు. అత్తగారు చెప్పింది. అందుకే తన బొటనవేలు నొక్కి, ఆయన్ని ఉంచి తనని తీసుకోమని మొక్కుకుంది. ఇంకొకరి వేళ్ళు కూడా ఆ పొర కింద ఉన్నాయని ఆమె చూడలేదు.

"చీకటి వచ్చేది కుడివైపు నుంచి కదా అత్తయ్యా" అంది భాగ్యశ్రీ.

హనుమాయమ్మ తల ఊపింది. కుడి అంచు నుంచి మొదలవుతుందని ఆ ఊళ్ళో ఆమెకంటే తెలిసినవాళ్ళు లేరు. ఏ వేలు ముందు దొరికితే నెలమ్మ ఆ వేలే పట్టుకుంటుంది. ఈ నెల పిల్ల, మొదటి నెల ఉదయ్ కిరణ్ దొరికారు. అతని నీడ తరిగే ఉంటుంది. పొద్దస్తమానం ఏటి మీద ఉండేవాడి నీడ నీళ్ళలో ఎవరు కొలుస్తారు.

"పది రోజులు పిల్లని చూస్తూ కూర్చున్నారా?"

"రోజూ నన్నే తీసుకోమని అడుగుతూ కూర్చున్నాను."

"నాకు చెప్పొచ్చుగా."

"చెబితే పొర తీయించేస్తావు. మీ మామయ్య వెళ్ళిపోతారు, భాగ్యం." ఆ మాటలో సిగ్గు లేదు, దాపరికం లేదు. "తెల్లారగట్ల పెరట్లో చుట్ట వాసన నీకూ తెలుస్తోందిగా."

తెలుస్తోంది. పక్కవీధి సుందరయ్యది అనుకుంది ఇన్నాళ్ళూ. భాగ్యశ్రీ ఎదురుచూసిన వాసన అది కాదు. ఇరవై అయిదు రోజులుగా తలుపు దగ్గర చాప వేసుకుని ఆమె ఎదురుచూసింది డీజిలూ, ఏటి బురదా కలిసిన వాసన కోసం. పడవ దిగి వచ్చినప్పుడు అతని చొక్కాకి ఉండేది. ఒక్కరోజు కూడా రాలేదు. మొగుణ్ణి నిలుపుకున్న మనిషి పక్కన కూర్చుని, తన మొగుడు ఆమాత్రం కూడా మిగల్లేదని తెలుసుకోవడం ఎలా ఉంటుందో ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పలేదు.

మత్తయి గొంతు సవరించుకున్నాడు. "పొర తియ్యడం పది నిమిషాల పనమ్మా. కానీ మామ్మగారు చెప్పాలి. తెచ్చిన మనిషి చెప్పందే నేను ముట్టుకోను. అది నా ఆచారం."

కాలవగట్టు మీద దుగ్గిరాల వైపు నుంచి పసుపు బస్తాల లారీ ఒకటి పోయింది. ఘాటు వాసన కొట్టులోకి వచ్చి, తేలిపోయింది. భాగ్యశ్రీ ఫోన్ తీసి లక్ష్మికి చేసి, పిల్లకి ఇమ్మంది. స్పీకరు పెట్టి బల్ల మీద, పళ్ళెం పక్కన పెట్టింది.

"నానమ్మ ఉందా?" అంది తేజస్వి. "నానమ్మా, నేను చెప్పులు లేకుండా గచ్చు మీద నించున్నానుగా. కాలట్లేదు. లక్ష్మత్త నించోలేక గెంతుతోంది. నాకసలు కాలట్లేదు."

పిల్ల నవ్వుతోంది. వెనకాల లక్ష్మి ఏదో అంటోంది. ఫోన్ ఆగిపోయాక కూడా హనుమాయమ్మ దానివైపే చూసింది.

"తియ్యి నాయనా" అంది.

మత్తయి థిన్నర్ డబ్బా తెచ్చాడు గానీ గుడ్డ తను పట్టుకోలేదు. ఈసారి అడగకుండానే భాగ్యశ్రీ చేతికిచ్చాడు. పళ్ళెం జారుతోందని హనుమాయమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుని, ఎడమ అంచు రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. భాగ్యశ్రీ తుడిచింది. పొర ముడతలు పడి, జిగురై, గుడ్డకి వచ్చేసింది. కింద ఇత్తడి పాలిపోయి బయటపడింది. ముద్రలు అలాగే ఉన్నాయి. అవి తోమితేనే పోతాయన్నాడు మత్తయి.

భాగ్యశ్రీ సంచిలోంచి చింతపండు ముద్ద తీసింది. ముందు చిన్న ముద్ర రుద్దింది. నాలుగు రుద్దులకి పోయింది.

పెద్దదాని దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఉదయ్ కిరణ్ ఒళ్ళు ఏట్లో దొరకలేదు. దహనం చేసింది దర్భబొమ్మని. ఈ భూమ్మీద అతని ఒంటి గుర్తు ఇది ఒక్కటే. ఆమె తన బొటనవేలు దానిమీద పెట్టింది. గాటు తగుల్తుందేమో అనుకుంది. ఇత్తడి నున్నగా, చల్లగా ఉంది. మత్తయి బయటికి వెళ్ళి కాలవ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఆమె రుద్దింది. పూర్తిగా పోయేదాకా రుద్దింది.

ఫోన్ మోగింది. లక్ష్మి ఊపిరి అందక మాట్లాడింది. "వదినా, నీడొచ్చింది. పాడ్యమి గీత దాకా వచ్చింది. పిల్ల కాళ్ళు కాలుతున్నాయని ఏడుస్తోంది, చెప్పులు తొడుగుతున్నాను." భాగ్యశ్రీ ఫోన్ చెవికి పెట్టుకుని ఆ ఏడుపు చాలాసేపు విన్నది. బాగా ఏడుస్తోంది పిల్ల.

తర్వాత హనుమాయమ్మ తనే, సంచిలో తెచ్చుకున్న మసి చిప్పలో వేలు ముంచి, కుడి అంచు నుంచి పది గీతలు పూసింది. పళ్ళెం మసి తాగింది. నలభై రోజుల తర్వాత మొదటిసారి అది నల్లబడింది. పైన ఉన్న చంద్రుడూ ఇదీ ఒక కొలతకి వచ్చాయి. ఆమే పళ్ళేన్ని చీరముక్కలో చుట్టింది. నేను పట్టుకుంటానని భాగ్యశ్రీ అంటే ఇవ్వలేదు. మత్తయి మిగిలిన థిన్నర్ ఒక చిన్న సీసాలో పోసి, ఎక్కడన్నా పొర మిగిలితే ఇంటి దగ్గర తుడుచుకోమని భాగ్యశ్రీ బ్యాగులో పెట్టాడు.

స్టేషన్లో రేపల్లె బండికి ఇంకా టైముంది. కప్పు లేని చోట, ప్లాట్‌ఫాం చివర బెంచీ ఖాళీగా ఉంటే అటు నడిచారు. హనుమాయమ్మ ముందు, పళ్ళెం నెత్తిమీద పెట్టుకుని. ఎండ నెత్తి మీదికి రాబోతోంది. పళ్ళెం నీడ సిమెంటు మీద గుండ్రంగా పడింది. దాని కింద మనిషి నీడ పడాలి.

సన్నటి గీత పడింది. చెరుకు ఆకంత.

భాగ్యశ్రీ నిలబడిపోయింది. అత్త మోకాలి నెప్పితో కుంటుతూ వెళ్ళి బెంచీ మీద కూర్చుని పళ్ళేన్ని ఒళ్ళో పెట్టుకుంది. ఆ ఎండలోనే చెప్పులు విప్పేసింది. ఆమె కాళ్ళకి ఆ సిమెంటు కాలుతున్నట్టు లేదు.

బండెక్కాక హనుమాయమ్మ కళ్ళు మూసుకుంది. నిద్రో, నిద్రలా ఉండటమో. భాగ్యశ్రీ మూట ముడి ఒక పక్క వదులు చేసింది. నల్లటి పది గీతలు. తర్వాత పాలిపోయిన నాలుగు గీతల మేర ఇత్తడి. ఆ తర్వాత, ఎడమ అంచున, వేలి వెడల్పు మేర మెరుపు. పొద్దున అత్త రెండు చేతులూ గట్టిగా పట్టుకున్న చోటు. గోరు పెడితే జారింది. పొర అలాగే ఉంది, దాని కింద నిటారుగా నొక్కిన బొటనవేలు కూడా.

ఆమెకి అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఆ ఒక్క గీత నల్లబడదు. అమావాస్యకి పళ్ళెం నిండదు. పెరటి తలుపు తెరిచినా ఎవరూ వెళ్ళరు. కుడివైపు ఇంక ఏ వేలూ లేదు కాబట్టి నెలమ్మ ఈ వేలు పట్టుకుంది. పది రోజుల తరుగూ ఒక్కసారే తీసుకుంది. ఇంకా అయిదు రోజులుంది.

బ్యాగులో థిన్నర్ సీసా ఉంది. గుడ్డ ఉంది. అత్త కళ్ళు మూసుకునే ఉంది. ఒక్క తుడుపు చాలు.

ఆమె జిప్పు తీసి సీసా పట్టుకుంది. అప్పుడు వచ్చింది వాసన.

ముందు అది బండిది అనుకుంది. కానీ ఆ లైనుకి కరెంటు వచ్చి ఏళ్ళయింది. డీజిల్ ఇంజన్లు లేవు. బోగీలో అవతల ఇద్దరు ముగ్గురు ఉన్నారు, ఇటువైపు ఎవరూ లేరు. ఆమె పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఆ సీటు మీద నీళ్ళు ఊరుతున్నాయి. చుక్కలు అంచుదాకా వచ్చి, ఏటి బురద రంగులో, ఒక్కొక్కటే కింద పడుతున్నాయి.

ముద్ర చెరిగాక నెలమ్మ వదిలినట్టుంది అతన్ని. ఆ ఒక్క గీతా తుడిస్తే అమావాస్యకి అతనూ వెళ్ళిపోతాడు.

భాగ్యశ్రీ అటు తిరగలేదు. ఎదురుగా అత్త ఒళ్ళో ఉన్న మూటని చూసింది. మూట కింద, ఎండ పడుతున్న బోగీ నేల మీద, అత్త నీడ ఉండాల్సిన చోట సన్నటి గీతని చూసింది. నాలుగు స్టేషన్లు దాటేదాకా సీసా చేతిలోనే ఉంది.

అయిదో స్టేషన్లో ఆమె దాన్ని బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది.